గడప పేరు

మారిబోర్,
10 ఏప్రిల్ 1969

పోద్‌గోర పోస్టాఫీసు వారికి,

నమస్కారం. నా పేరు దారింకా వోదోపివెత్స్. ఇక్కడి బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడతాను. మా అమ్మ యుస్తీనా జనవరిలో పోయింది. నాకు మాటలొచ్చినప్పటి నుంచి నేనడుగుతున్న ప్రశ్నకు, పోయే ముందు రోజు జవాబు చెప్పింది. మా నాన్న పేరు గాష్పెర్ లేనార్త్ అట. మీ ఊరి రైతట. 1937లో అమ్మ ఆ ఇంట్లో పనిచేసేదట. అంతకుమించి చెప్పే ఓపిక ఆవిడకు లేకపోయింది.

తాలూకా ఆఫీసుకు రాశాను. లేనార్త్ అనే ఇంటిపేరుతో పోద్‌గోరలో ఎవరూ నమోదై లేరని జవాబిచ్చారు. ఆఫీసువాళ్ళకు కాగితాలు తెలుస్తాయి గానీ మనుషులు తెలిసేది పోస్టువాళ్ళకేనని మీకు రాస్తున్నాను.

ఆస్తి కోసమని అనుకోకండి. నాకు ఉద్యోగముంది, గదుంది. ఆయన బతికి ఉన్నారా, ఉంటే ఒక్కసారి చూడవచ్చా? ఇంతే అడుగుతున్నాను.

ఇట్లు,
దారింకా వోదోపివెత్స్


పోద్‌గోర,
24 ఏప్రిల్ 1969

దారింకా గారికి,

మీ ఉత్తరం అందింది. మీ అమ్మగారి సంగతి చదివి బాధపడ్డాను.

ఇక మీరడిగిన విషయం. ముప్పై నాలుగేళ్ళుగా ఈ లోయలో ఉత్తరాలు పంచుతున్నాను. లేనార్త్ అనే ఇంటిపేరు గలవారు పోద్‌గోరలో ఎవరూ లేరు. తాలూకా ఆఫీసువాళ్ళు చెప్పింది నిజమే.

అంత దూరం నుంచి అడిగిన మనిషిని ఉత్తచేతులతో పంపడం ఇష్టం లేక మరో నాలుగు మాటలు రాస్తున్నాను. నాకు పేర్ల పిచ్చి. రోజంతా కవర్ల మీద చదివేది అవేగా. మన దేశంలో కళ్ళు మూసుకుని రాయి విసిరినా ఒక నోవాక్‌కి తగులుతుంది. నోవాక్ అంటే కొత్తగా వచ్చినవాడు. ఎప్పుడొచ్చాడయ్యా అంటే, నాలుగు వందల ఏళ్ళ క్రితం. ఇప్పటికీ కొత్తవాడే! మ్లాకర్ అంటే బురదగుంట పక్కన ఇల్లు కట్టుకున్నవాడు. మా ఊళ్ళో ఆ గుంట ఎండిపోయి మూడు తరాలైంది, పేరు మాత్రం ఇంకా తడారలేదు. క్రాల్య్ అని ఒకడున్నాడు, అంటే రాజు. మేకలు కాస్తాడు. పాపెజ్ అని ఇంకొకడు, అంటే పోప్ అన్నమాట. కమ్యూనిస్టు పార్టీ మనిషి, చర్చి మెట్టెక్కడు. వాళ్ళ తాతముత్తాతలు ఏ పండగ నాటకంలోనో ఆ వేషాలు కట్టి ఉంటారు. వేషం ఒక్క పూటది, పేరు వంశానికంతా అంటుకుంది.

మీ ఇంటిపేరు చూసి నవ్వొచ్చింది, తప్పుగా అనుకోకండి. వోదోపివెత్స్, నీళ్ళు తాగేవాడు! సముద్రం వైపు రాతినేలల్లో ఆ పేరెక్కువ. అక్కడ నీటికి కటకట, వైనుకి కరువు లేదు. అలాంటి చోట ఒకణ్ణి నీళ్ళు తాగేవాడు అన్నారంటే, వాడు ఊరికల్లా పెద్ద తాగుబోతైనా అయ్యుండాలి, ఊరంతా తాగుతుంటే ముట్టని ఏకైక మొండివాడైనా అయ్యుండాలి.

మాది యెరెబ్, అంటే కౌజుపిట్ట. అలికిడైతే చాలు, నేలకు అతుక్కుపోయి ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. అంతకన్నా మా గురించి చెప్పుకునేదేం లేదు.

మీకు మేలు జరగాలని కోరుతూ,
అల్బినా యెరెబ్, పోస్టు


మారిబోర్,
18 మే 1969

శ్రీమతి యెరెబ్ గారికి,

మీ ఉత్తరం ఫ్యాక్టరీలో మా టేబుల్ దగ్గర గట్టిగా చదివాను. మా వరసలో ఇద్దరు నోవాక్‌లున్నారు. అప్పటి నుంచి వాళ్ళను అందరూ “ఏవమ్మా, ఎప్పుడొచ్చావ్?” అని ఏడిపిస్తున్నారు. వాళ్ళ తరఫున మీకు తిట్లు, మిగతావాళ్ళ తరఫున దండాలు.

మా ఇంటిపేరు గురించి మీరన్నది నిజం. మా తాత మొండివాడి కోవ. అమ్మ అంతకన్నా మొండిది. ఆమె పుట్టిన ఊరు మొదటి యుద్ధం తర్వాత ఇటలీ కిందికి పోయింది కదా. ఇటలీవాళ్ళు అందరి ఇంటిపేర్లూ వాళ్ళ మాటలోకి మార్చారు. అమ్మవాళ్ళను బెవిలాక్వా అనమన్నారు. దానికీ నీళ్ళు తాగేవాడనే అర్థమట. “అర్థం అదేగా, సంతకం పెట్టడానికేం బాధ?” అన్నాట్ట గుమాస్తా. “మీ అర్థం మీరే ఉంచుకోండి, నా పేరు నాకివ్వండి” అందట అమ్మ. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. పేరు కోసం ఊరొదిలి, కొండ దాటి మీ లోయకు వచ్చి పనిమనిషిగా చేరింది.

అందుకే అడుగుతున్నాను. పేరంటే అంత పట్టింపు ఉన్న మనిషి, తన బిడ్డ తండ్రి పేరు తప్పు చెబుతుందంటారా?

మీకు ఇన్ని పేర్లు తెలుసు. ఇంకొక్కసారి ఆలోచించి చూడండి. తొందరేం లేదు.

దారింకా


పోద్‌గోర,
9 జూన్ 1969

దారింకా,

నువ్వు అనేస్తున్నాను, నాకు యాభై నాలుగు. ఆ మాత్రం చనువు ఇస్తావుగా.

మీ అమ్మ గుమాస్తాకి చెప్పిన జవాబు మూడుసార్లు చదివాను. మనిషంటే అలా ఉండాలి. నాకైతే ఆ ధైర్యం ఏనాడూ లేదు.

ఆలోచించమన్నావు, ఆలోచించాను. పోద్‌గోర అంటే కొండ కింది ఊరనేగా. మన దేశంలో కొండలకు తక్కువా, వాటి కింద ఊళ్ళకు తక్కువా? మీ అమ్మ చెప్పింది ఇంకో పోద్‌గోర అయ్యుండొచ్చు. జబ్బులో మనిషికి ఊళ్ళూ ఏళ్ళూ కలిసిపోతాయి. మా అమ్మ చివరి వారం నన్ను తన చెల్లెలనుకుంది.

పేర్లలో ఇంకా వింతలున్నాయి. పై ఊళ్ళో తుర్క్ అనే ఇంటిపేరువాళ్ళున్నారు. వాళ్ళ మూలపురుషుణ్ణి టర్కీ సైన్యం ఎత్తుకుపోయిందట. పదేళ్ళకు తప్పించుకుని, చెప్పుల్లేకుండా నడిచి ఇల్లు చేరాడట. వచ్చీ రాగానే ఊరంతా కలిసి వాడికి పెట్టిన పేరేంటో తెలుసా? తుర్క్! ఎవరి నుంచి పారిపోయి వచ్చాడో వాళ్ళ పేరే మెడకు కట్టారు. మన జనానికి జాలి లేదని నేనంటే, మా ఆయన “జాలి కాదే, గుర్తు. మరిచిపోకుండా” అంటాడు. ఆయనకు గుండె బాగుండటం లేదు. చలికాలం నుంచి బరువు పనులు మానేశాడు. గడ్డికోతలకు ఈసారి కూలివాళ్ళను పెట్టాం.

నీ సంగతి ఏమీ రాయవు. పెళ్ళయిందా? ఏం తింటావు, ఎలా ఉంటావు? నీ చేతులు మీ అమ్మ చేతుల్లా చిన్నవేనా? ఆమె ఎప్పుడైనా ఈ ఊరి గురించి కోపంగా మాట్లాడేదా? ఊరికే అడుగుతున్నాను. ముసలిదాన్ని అవుతున్నాగా, అన్నీ తెలుసుకోవాలనిపిస్తుంది.

అల్బినా


మారిబోర్,
3 ఆగస్టు 1969

అల్బినా గారికి,

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. పెళ్ళి కాలేదు. చేతులు పెద్దవి, అమ్మవి కావు. అమ్మ మీ ఊరి గురించి కోపంగా ఎప్పుడూ మాట్లాడలేదు. అసలు మాట్లాడలేదు. మా అమ్మ చేతులు చిన్నవని మాత్రం నేను మీకెప్పుడూ రాయలేదు.

ఈ ఉత్తరంతో ఒక కవరు పెట్టాను. అమ్మ పోయాక ఆమె ప్రార్థన పుస్తకంలో దొరికింది. దాని మీది తపాలా ముద్ర 1938 ఫిబ్రవరిది, అప్పటికి నాకు మూడు నెలలు. పైన గాష్పెర్ లేనార్త్, పోద్‌గోర అని అమ్మ రాత. దాని మీద అడ్డంగా ఊదారంగు పెన్సిలుతో ఇంకొకరి రాత: “ఈ పేరు గలవారు ఈ ఊళ్ళో లేరు. పంపినవారికి తిరిగి.” దాని కింద రెండు గీతలున్నాయి. రెండో గీత కాస్త పొట్టి, చివర చిన్న కొక్కెం.

మా వరసలో నలభై మంది కుడతారు. కాలరు తిరగేసి చూస్తే అది ఎవరు కుట్టారో నేను చెప్పగలను. మీ మొదటి ఉత్తరంలో “ఎవరూ లేరు” కింద అవే రెండు గీతలు, అదే కొక్కెం.

అంటే నాకు ఏప్రిల్‌లోనే తెలిసింది. ఎందుకలా చేశారో తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. మీ అంతట మీరే చెబుతారని చూశాను. మీరు పోప్ సంగతి చెప్పారు, టర్కీవాడి సంగతి చెప్పారు. చదివి నవ్వాను కూడా. అలా నవ్వినందుకు ఇప్పుడు నా మీద నాకే కోపంగా ఉంది.

ఈ కవరు తిరిగొచ్చిన రోజు నుంచి, ఆయనే వద్దని తిప్పి పంపాడని అమ్మ అనుకుని ఉంటుంది. ఇంకెప్పుడూ రాయలేదు.

నేను దీన్ని విప్పలేదు. ఇది నాకు రాసింది కాదు. మీరు పోస్టువారు. ఆయన ఉంటే, ఎక్కడున్నా సరే, దయచేసి బట్వాడా చేయండి.

దారింకా వోదోపివెత్స్


పోద్‌గోర,
20 ఆగస్టు 1969

దారింకా గారికి,

మళ్ళీ మీరు అంటున్నాను. జూన్‌లో నువ్వు అన్నది దొంగ చనువు.

ఆ రాత నాదే. మీ నాన్నగారు బతికే ఉన్నారు. ఆయన నా భర్త.

ఇన్ని పేర్ల కథలు రాసి, రాయాల్సినదొక్కటీ దాచాను. మా లోయలో ప్రతి ఇంటికీ రెండు పేర్లు. ఒకటి కాగితం పేరు. వియన్నా చక్రవర్తి కాలంలో గుమాస్తాలు వచ్చి రాసుకుపోయింది, తాలూకా ఆఫీసులో ఉండేది అదే. ఇంకోటి గడప పేరు. ఎప్పుడో లేనార్త్ అనే ఆయన అడవి నరికి మా ఇల్లు కట్టాడు. ఆయన వంశంలో కొడుకులు లేకపోయారు, ఇల్లరికపుటల్లుళ్ళు వచ్చారు, వాళ్ళతో వాళ్ళ ఇంటిపేర్లొచ్చాయి. ఇప్పుడు కాగితాల్లో మేం యెరెబ్‌లం. ఊళ్ళో మాత్రం ఒక్కరి నోటా ఆ మాట రాదు. ఆ గడప లోపల ఉన్నవాళ్ళంతా లేనార్త్‌లే. ఆయన లేనార్త్ గాష్పెర్, నేను లేనార్త్ అల్బినా, మా కుక్క లేనార్త్‌ల కుక్క. మీ అమ్మ ఏడాదికి పైగా ఆ ఇంట్లో వండింది. యెరెబ్ అన్న మాట ఆమె చెవిన పడే ఉండదు. ఆమె తప్పు చెప్పలేదు.

ఉత్తరాలు కూడా గడప పేరుతోనే వచ్చేవి. మేం ఇచ్చేవాళ్ళం. మీ అమ్మ ఉత్తరం వచ్చిన రోజున అదే సంచిలో “మిల్లు పక్క కత్రాకు” అని ఒక కార్డు వచ్చింది. అది కూడా ఇచ్చాను.

గాష్పెర్ ప్రతి శుక్రవారం పోస్టు కిటికీ దగ్గరికి వచ్చి “ఏమైనా వచ్చిందా, అల్బినా?” అని అడిగేవాడు. కడుపుతో ఉన్న మీ అమ్మను ఆయన తల్లి గెంటేసి, రాళ్ళు కొట్టే ఎవడితోనో లేచిపోయిందని కొడుక్కి చెప్పింది. ఆయన నమ్మీ నమ్మక తిరుగుతుండేవాడు. నాకు ఇరవై మూడు. పదహారో ఏటి నుంచి ఆయనంటే నాకు ప్రాణం. ఆయన నన్ను చూసేది ఆ కిటికీలోంచి మాత్రమే, అదీ ఆమె ఉత్తరం కోసం.

కవరు రెండు రోజులు నా దగ్గర ఉంచుకున్నాను. తగలబెట్టలేకపోయాను, తపాలా మనిషిని. మూడో రోజు ఆ మాట రాసి తిప్పి పంపాను. కాగితం ప్రకారం అది నిజం. అంత పెద్ద అబద్ధం ఈ చేత్తో మళ్ళీ ఈ ఏప్రిల్‌లోనే రాశాను. శుక్రవారం ఆయన వస్తే “ఏమీ లేదు” అన్నాను. మరుసటి ఏడాది మా పెళ్ళయింది.

మాకు పిల్లల్లేరు. నాలుగుసార్లు అటక మీంచి ఊయల దింపాం. నాలుగుసార్లూ ఖాళీగానే మళ్ళీ ఎక్కించాం. ప్రతిసారీ నాకు ఆ కవరే గుర్తొచ్చింది. ఆయనకు చెప్పలేదు. డాక్టరు కంగారు పెట్టవద్దన్నాడు, అది నిజమే గానీ నేను ఆ మాట చాటున దాక్కున్నాను. నా భయం వేరు. ముప్పై ఏళ్ళ కాపురం తర్వాత ఆయన నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూస్తే ఎలా బతకాలో నాకు తెలియదు.

ఉత్తరం ఇస్తాను. కొన్ని రోజులు గడువివ్వండి.

అల్బినా యెరెబ్


మారిబోర్,
27 ఆగస్టు 1969

అల్బినా గారికి,

ఆయన బతికి ఉన్నారన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. మిగతాది మర్నాడు చదివాను.

గడువు తీసుకోండి. ముప్పై ఏళ్ళు మాత్రం వద్దు.

దారింకా


పోద్‌గోర,
15 సెప్టెంబరు 1969

దారింకా గారికి,

బట్వాడా అయింది.

వంటింట్లో, సంకటి గిన్నె పక్కన పెట్టి ఇవ్వడం తప్పనిపించింది. ఆదివారం పొద్దున ఆయన పొయ్యి పక్క అరుగు మీద కూర్చుని ఉంటే, నేను యూనిఫారం వేసుకుని, టోపీ పెట్టుకుని, సంచి తగిలించుకుని బయటికెళ్ళి, మా తలుపు నేనే కొట్టాను.

“ఏంటే ఈ వేషం? ఆదివారం కూడా డ్యూటీయా?” అన్నాడు.

“ఉత్తరం వచ్చింది. నీకే.”

“నాకెవరు రాస్తారు, కరెంటువాళ్ళు తప్ప” అని నవ్వుతూ చెయ్యి చాచాడు. అందుకుని చూశాడు. ఆమె రాత ఆయనకు వెంటనే తెలిసింది. తర్వాత నా రాత. ఈ ఊళ్ళో నా రాత తెలియనివాళ్ళు లేరు.

“ఇది నువ్వేనా?”

“నేనే.”

“ఎప్పుడు?”

“ముప్పై ఎనిమిది, ఫిబ్రవరిలో.”

“నేను ప్రతి శుక్రవారం వచ్చేవాణ్ణి, అల్బినా.”

“వచ్చేవాడివి.”

“ప్రతి శుక్రవారం అడిగేవాణ్ణి.”

“అడిగేవాడివి. నేను లేదనేదాన్ని.”

రొట్టె కోసే కత్తితో కవరు విప్పాడు. ఒక్కటే కాగితం. చదివాడు, మడిచాడు, మళ్ళీ విప్పి చదివాడు. అందులో ఏముందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చొక్కా జేబులో పెట్టుకుని గడ్డికొట్టంలోకి వెళ్ళిపోయాడు. మూడు రోజులు అక్కడే. అన్నం తీసుకెళ్ళి గుమ్మంలో పెడితే తినేవాడు, నాతో మాట్లాడేవాడు కాదు. తిట్టినా బాగుండేది. దగ్గుతుంటే వినపడేది, లోపలికెళ్ళే మొహం నాకు లేదు.

బుధవారం మధ్యాహ్నం వచ్చి తన చోట కూర్చున్నాడు.

“సంకటి ఉందా?”

పెట్టాను. సగం తిన్నాక అడిగాడు: “ఏం పని చేస్తుంది?”

“కాలర్లు కుడుతుంది.”

“ఎలా ఉంటుంది?”

“చేతులు పెద్దవట. అంతకన్నా తెలీదు.”

“ఏప్రిల్ నుంచి ఉత్తరాలు రాసుకుంటూ ఇంతేనా తెలుసుకున్నావు? క్రాల్య్ మేకల గురించి కూడా రాసుంటావు నువ్వు.”

“రాశాను.”

ఆయన మొహంలో ఏదో కదిలింది. నవ్వని చెప్పలేను. “పిలువు. నాకు రాయడం రాదు, నువ్వే రాయి. సరిగ్గా రాయి ఈసారి” అన్నాడు.

సరిగ్గా రాస్తున్నాను. అన్ని ఆత్మల పండగకు రండి. సమాధుల దగ్గర దీపాలు పెట్టే రోజు ఊరంతా బయటే ఉంటుంది, కొత్తవాళ్ళను వింతగా చూడరు. పై గది సర్ది ఉంచుతాను. నన్ను చూడటం మీకు ఇష్టం లేకపోతే మీరున్నన్ని రోజులూ మా అన్న ఇంట్లో ఉంటాను.

అల్బినా యెరెబ్


మారిబోర్,
9 నవంబరు 1969

అల్బినా గారికి,

క్షేమంగా చేరాను. మీరిచ్చిన పోతిత్సా తీపిరొట్టెను బస్సులో పక్కసీటు ఆవిడ సగం తినేసింది. వాల్‌నట్లు అంత దండిగా వేసింది పట్టణంలో దొరకదని ఆవిడ తీర్పు.

మీరు మీ అన్నగారింటికి వెళ్ళకపోవడమే మంచిదైంది. మొదటి రోజు ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. మధ్యలో మీరు లేకపోతే ఇద్దరం ఆవుల గురించే మాట్లాడుకుని విడిపోయేవాళ్ళం. రెండో రోజు పియర్ పళ్ళు కోస్తూ కూర్చున్నాం కదా. నేను చెక్కు కింది నుంచి పైకి తీస్తాను. ఫ్యాక్టరీలో అందరూ వెక్కిరిస్తారు. చిన్నప్పుడు అమ్మ నా చేతిలోంచి కత్తి లాక్కుని “అలా కాదు” అనేది, ఎందుకో కళ్ళు తుడుచుకునేది. తలెత్తి చూస్తే ఆయన కూడా కింది నుంచే తీస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. మీరు చూసి, ఉప్పు కావాలంటూ లేచి వెళ్ళిపోయారు. పియర్ పళ్ళకు ఉప్పెందుకండీ? కానీ వెళ్ళినందుకు థాంక్స్.

అమ్మ ఉత్తరం నాకు చూపించాడు. బిడ్డకు దారింకా అని పేరు పెట్టాను, అంటే కానుక, మీకిష్టమైతే వచ్చి చూడండి, కాకపోతే ఒక్క మాట రాయండి చాలు అని ఉంది. ఏడు వరసలు. ఇంకేమీ లేదు.

మిమ్మల్ని క్షమించానని రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. రాలేదు. రాకుండానే రాస్తే అదీ ఒక అబద్ధమవుతుంది, మన మధ్య అవి చాలు. అమ్మ ముప్పై ఏళ్ళు ఎవరి తోడూ లేకుండా గడిపింది, అది నేను చూశాను. కానీ సెప్టెంబరులో మీరు టోపీ పెట్టుకుని మీ తలుపే కొట్టడం కూడా నాకు కళ్ళకు కట్టినట్టుంది. రెండూ నాలోనే ఉన్నాయి. కొట్టుకోనీయండి.

మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక మూడు రోజులూ ఏమీ అనకుండా గడిపాను. గమనించే ఉంటారు. మీరు మాత్రం నన్ను నువ్వు అనండి. ఆ మీరు వింటుంటే తాలూకా ఆఫీసులో నిలబడ్డట్టుంది.

ఆయనకు ఉన్ని చొక్కా ఒకటి కుట్టి పంపుతున్నాను. కాలరు మెత్తగా పెట్టాను.

దారింకా


పోద్‌గోర,
17 ఫిబ్రవరి 1970

దారింకా,

టెలిగ్రాం నీకు ఈపాటికి అంది ఉంటుంది. దాంట్లో మాటలు పట్టవు, అందుకే ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. రేపు పొద్దునకు చేరుతుంది.

మీ నాన్న ఈ తెల్లవారుజామున పోయాడు. బాధపడలేదు. నువ్వు కుట్టిన చొక్కా వేసుకునే ఉన్నాడు. జనవరిలో నువ్వు ఆయన పేరున్న సెయింటు పండగకు వచ్చి వెళ్ళాక రోజూ అదే, ఉతకనిచ్చేవాడు కాదు. ముందుగదిలో పడుకోబెట్టాం. ఊరివాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. గురువారం మూడింటికి పూడుస్తారు.

ఒక సంగతి ముందే చెప్పాలి. బస్సు దిగగానే ఫైర్‌స్టేషన్ బోర్డు మీద చూస్తావు, అక్కడ నిలబడి ఉలిక్కిపడకూడదు. మా దగ్గర మనిషి పోతే నల్ల అంచు కాగితం అచ్చువేయించి ఊరంతా అంటిస్తారు, నీకు తెలుసుగా. పొద్దున్నే లోకా పట్నం వెళ్ళి అచ్చువేయించాను. “గాష్పెర్ యెరెబ్, లేనార్త్‌ల పెద్దాయన” అని పైన. కింద దుఃఖిస్తున్నవారు అన్నచోట “భార్య అల్బినా, కూతురు దారింకా” అని.

నిన్ను అడగలేదు. అడిగే టైము లేదు, అడిగితే నువ్వు నా పరువు చూసి వద్దంటావని భయం. ప్రెస్సులో కుర్రాడు “కూతురికి పెళ్ళయిందా, ఇంటిపేరు వెయ్యాలా?” అన్నాడు. పేరొక్కటి చాలన్నాను.

నేనే అంటించాను. పోస్టులో ఒకటి, షాపు దగ్గర ఒకటి, చర్చి తలుపు మీద ఒకటి. అక్కడ చర్చి ఊడ్చే పొలోనా చీపురు ఆపి చదివింది. వేలు పెట్టి మళ్ళీ చదివింది.

“అయ్యో అల్బినా, ప్రెస్సువాళ్ళు వేరే ఇంటిది కలిపేశారే! చూసుకోలేదా? కూతురట!”

“చూసుకున్నాను పొలోనా. ఆయన కూతురే.”

“ఆయనకు కూతురెక్కడిది? నీకు పిల్లలు...”

“నాకు లేరు. ఆయనకుంది. యుస్తీనా కూతురు. అప్పట్లో ఆమె ఆయనకు రాసిన ఉత్తరం ఇవ్వకుండా తిప్పి పంపింది నేనే.”

పొలోనా చీపురు అక్కడే వదిలేసి ఊళ్ళోకి నడిచింది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. నేను ముప్పై అయిదేళ్ళలో ఏ ఉత్తరమూ అంత తొందరగా పంచలేదు. వచ్చినవాళ్ళు నా మొహం చూసి తల దించుకుంటున్నారు. మిల్లు పక్క కత్రా మాత్రం నా చెయ్యి పట్టుకోకుండానే వెళ్ళిపోయింది. పోనీ. అది న్యాయమే.

గురువారం పన్నెండింటి బస్సుకు రా. నల్ల కోటు లేకపోతే నాది ఇంకోటుంది, చేతులు పొట్టవుతాయి, పరవాలేదు. పెట్టె వెనక మొదటి వరసలో ఇంటివాళ్ళు నడుస్తారు. నవంబరులో సమాధుల దగ్గర అందరూ చూస్తారని దీపాలు పట్టుకుని వెనకాల ఎక్కడో నిలబడ్డావు. ఈసారి అలా కుదరదు.

నువ్వు నన్ను క్షమించావా లేదా అని నేను అడగడం లేదు, దారింకా. అది నీకు ఎప్పుడు వస్తే అప్పుడు, రాకపోతే రాకపోనీ. కానీ చర్చి నుంచి సమాధుల దాకా మూడు వందల అడుగులు. నాకు ఆయన వెనక ఒక్కదాన్నే నడవాలని లేదు. రా తల్లీ.

అల్బినా